పన్నెండు నుంచి నాలుగు దాకా

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున్న, దోహా శివార్లలోని ఐన్ ఖాలిద్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉండగా నా ఫోను మోగింది. చూస్తే కాకినాడ నంబరు. ఆ నంబరు నుంచి ఎప్పుడు ఫోను వచ్చినా మాట్లాడేది బాబాయిగారే. "ఏవయ్యా, అక్కడ ఎండలెలా ఉన్నాయి?" అన్న తరవాతే మిగతా సంగతులు. ఆ రోజు మాత్రం పిన్నిగారి గొంతు వినబడింది. ఆవిడకి చూపు లేదు. మీటలు వేలితో తడుముకుని, లోపల లెక్కపెట్టుకుంటూ నొక్కాలి. ఖతార్‌కి చెయ్యాలంటే ముందు సున్నాలతో కలిపి పదమూడంకెలు.

"మీ బాబాయిగారు తెల్లవారుజామున వెళ్ళిపోయారు నాయనా. నిద్రలోనే. మేనకోడలు చేస్తానంది గాని, నీకు నేనే చెప్పాలనిపించింది" అన్నారు.

ఫోను పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి సంగతి చెప్పాను. ఎనభై దాటిన మనిషి, నొప్పి తెలియకుండా వెళ్ళారు, అంతకంటే ఏం కావాలి అని మా ఆవిడ సర్దిచెప్పబోయింది. అదంతా నిజమే. నా బాధ వేరు. ఆయన్ని నేనొక మాట అడగాల్సి ఉంది. ముప్ఫై ఏళ్ళకి పైగా రేపు, ఎల్లుండి అంటూ దాటవేస్తూ వచ్చాను. తీరా ఇప్పుడు అడగడానికి మనిషి లేరు.

వాళ్ళు మాకు చుట్టాలు కారు. మాది తెనాలి, వాళ్ళది కాకినాడ. దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత మేడలో కింద వాటాలో వాళ్ళిద్దరూ, పైన ఒక గదిలో నేనూ ఉండేవాళ్ళం. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు, పెళ్ళి కాలేదు. దోహాలో కుటుంబంతో కాపురం ఉన్న తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. అంచేత ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ప్రతివాడికీ ఆయన బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు అయిపోయారు. ఆయనకింకా నలభై నిండలేదు. మొదట్లో ఆ పిలుపుకి మొహం అదోలా పెట్టేవారుట, తరవాత అలవాటు పడ్డారు.

చమురు డబ్బు పొంగిపొర్లుతున్న సంవత్సరాలవి. ఊరు ఊరంతా తవ్విపోసి ఉండేది. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు, గొయ్యి ఉండేది. బాబాయిగారు రోడ్లు వేసే కంపెనీలో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. ఇవాళ మీరు ఏ.సి. కారులో హాయిగా తిరిగే రోడ్లలో కొన్ని ముందు ఆయన బల్ల మీద సన్నటి నల్లగీతలుగా పుట్టాయి. ఇంటికొచ్చేసరికి ఒంటినిండా అమోనియా వాసన. అచ్చుతీసిన డ్రాయింగుల వాసన అది. ఎన్ని సబ్బులు పెట్టినా పోదని పిన్నిగారు నవ్వేవారు.

ఆయనకి కాగితం ఎలా పడితే అలా మడిచితే నచ్చదు. డ్రాయింగు ఎంత పెద్దదైనా, మడిచాక కుడిచేతి కింది మూల పైకి కనబడాలి. ఆ మూలనే గీసినవాడి పేరు, సరిచూసినవాడి పేరు ఉంటాయి. ఆ అలవాటు ఇంట్లోకి కూడా పాకింది. ఊరి నుంచి వచ్చిన ఉత్తరం, కరెంటు బిల్లు, చివరికి వేరుశనక్కాయలు పోసిచ్చిన పొట్లం కాగితం, అన్నీ అదే మడత. పిన్నిగారు సామాన్ల చీటీ రాస్తే ఒకసారి చదివి, కింద పొడి అక్షరాలతో సంతకం గీకి ఇచ్చేవారు. కందిపప్పుకి కూడా మీ సంతకం కావాలా అని నేను వేళాకోళం చేస్తే, కావాలి అనేవారు. "గీసేవాడు తొందరలో ఉంటాడయ్యా. అందుకే సరిచూసేవాడు ఒకడుండాలి. సరిచూశాక కూడా తప్పు మిగిలిందంటే అది గీసినవాడిది కాదు, సరిచూసినవాడిది."

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ఆఫీసులో కింది వాళ్ళెవరు తప్పు చేసినా పైవాళ్ళ దగ్గర తన తలకే చుట్టుకునేవారు. గొంతు పెంచి ఎవరినీ ఒక మాట అనగా నేను చూడలేదు. పక్క వాటాలోవాళ్ళు నీళ్ళ ట్యాంకరు మొత్తం వాళ్ళ తొట్లోకే పట్టుకున్న రోజున కూడా, మగ్గు నీళ్ళతో మొహం కడుక్కుని ఆఫీసుకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది గాని ఆయనకి లేదు.

నేను దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఒక విమాన టికెట్ల ఆఫీసులో గుమాస్తాని. ఇప్పుడా వీధి ఆనవాలు కూడా లేదు, కొత్త కట్టడాలు లేచాయి. ఆ బల్ల వెనక కూచుని ప్రపంచంలో ఉన్న ఊళ్ళన్నిటికీ టికెట్లు రాసేవాణ్ణి. నేను చూసినవి మాత్రం తెనాలి, బొంబాయి, దోహా. అయినా ఏ ఊళ్ళో ఏం చూడాలో కస్టమర్లకి చెప్పడంలో నోటికి అడ్డు ఉండేది కాదు. రంగు బొమ్మల కరపత్రాలు చదివీ చదివీ నాకన్నీ తెలుసన్న పొగరు.

ఒక సంగతి చెప్పకపోతే ముందు కథ మీకు బోధపడదు. దోహాలో ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఊరనేది ఉండదు. కొట్లు షట్టర్లు దింపేస్తారు. ఆఫీసుల వాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తిని, తెరలు దించుకుని, ఏ.సి. కింద పడుకుంటారు. నాలుగయ్యాక మళ్ళీ లేస్తారు. అందమైనదేదైనా చూడాలంటే దీపాలు పెట్టాకే. బంగారం కొట్లు, బట్టల బజారు, సముద్రం ఒడ్డు, అన్నీ దీపాల వెలుగులోనే. రెండేళ్ళు అక్కడుంటే ఆ గడియారం ఒంట్లోకి దిగిపోతుంది. ఎండ అంటే తప్పించుకోవలసినది అని తప్ప ఇంకో ఆలోచన రాదు.

అందరూ పడుకునే ఆ వేళకి పిన్నిగారు వాటా ముందు వసారాలో, ఎండ పడేచోట పీట వేసుకుని బియ్యం ఏరుకునేవారు. నేను అన్నానికి వస్తూ చూసి, లోపల ఏరుకోవచ్చుగా, వడదెబ్బ కొడుతుంది అనేవాణ్ణి. లోపల కనపడదు అబ్బాయ్ అనేవారు. అప్పటికే ఆవిడకి ఒక కన్ను పోయింది. లోపల నీటి ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయే జబ్బు. రెండో కంట్లో కూడా పక్కల నుంచి చీకటి మూసుకొస్తోందిట. ఉన్న కాస్త చూపూ గట్టి వెలుతుర్లోనే.

కంపెనీ పెద్దాయన పూనుకుని లండన్‌లో ఆపరేషన్ ఏర్పాటు చేయించాడు. చూపు నిలవొచ్చు, నిలవకపోవచ్చు, సగం సగం అని డాక్టర్లు ముందే చెప్పారు. ఆ వారంలో ఒకరోజు బాబాయిగారు మా ఆఫీసుకి వచ్చి నా ఎదురుగా కూచున్నారు. బల్ల మీద కరపత్రం ఒకటి తీసి మడత సరిచేశారు. తరవాత మెల్లగా, లండన్‌కి వెళ్ళే దారిలో పారిస్ తగులుతుందా అని అడిగారు.

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ వంటింటి గోడకి ఒక పాత క్యాలెండరు కాగితం అంటించి ఉండేది. కంపెనీకి సిమెంటు అమ్మేవాళ్ళు ఇచ్చింది. పారిస్‌లో, నది మధ్య లంకలో ఉన్న ఒక పాత చర్చి లోపలి బొమ్మ. దానికి గోడలు లేవు, నేల నుంచి కప్పు దాకా రంగుటద్దాలే. ఎర్రవి, నీలివి, వంగపండు రంగువి. నెల అయిపోయినా, ఏడాది అయిపోయినా పిన్నిగారు ఆ కాగితం తీయలేదు. పప్పు ఉడికేలోపు దాని ముందు నిలబడేవారు. "గోదావరి లంకలు చూసిన నాకు, నది మధ్య లంకలో రంగుల గుడి ఉందంటే చూడాలనుండదా" అనేవారు.

"ఆవిడకి చూపుండగా ఒక్కరోజు చూపిస్తానయ్యా. ఆ తరవాత దేవుడి దయ" అన్నారు బాబాయిగారు.

రెండు రోజులు కూచుని దారి వెతికాను. పొద్దున్న ఏడింటికి పారిస్‌లో దిగి, మర్నాడు తొమ్మిదింటికి లండన్ విమానం ఎక్కేలా కుదిరింది. రాత్రికి హోటలు గది విమానం వాళ్ళదే. అంటే సరిగ్గా ఒక పగలు. ఆ పగలంతా ఏ గంటకి ఏం చెయ్యాలో తెల్లకాగితం మీద తెలుగులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా ఈఫిల్ టవరు, నది ఒడ్డున నడక. పన్నెండు నుంచి నాలుగు దాకా హోటల్లో విశ్రాంతి. నాలుగింటికి బయల్దేరి అయిదింటికి రంగుటద్దాల చర్చి. ఏడింటికి బజారు.

ఇప్పుడు మీకు నవ్వొస్తూ ఉండొచ్చు. రాసేటప్పుడు నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. జులై నెల, మధ్యాహ్నం పూట, కళ్ళు బాగాలేని మనిషిని ఎండలో తిప్పుతామా? అద్దాల వెనక సాయంత్రం బల్బులు వెలిగిస్తారు, అప్పుడు రంగులు ఇంకా బాగా కనపడతాయి అనుకున్నాను, బట్టల కొట్లో పట్టుచీరలకి వెలిగించినట్టు. రోజూ వసారాలో ఎండలో కూచున్న ఆవిడని చూస్తూ కూడా నాకు తట్టలేదు. బాబాయిగారు కాగితం చదివారు. ఆయనకీ దోహా గడియారమే ఒంట్లో ఉంది. ఎప్పట్లాగే కింది మూలన సంతకం గీకి, ఆ మూల పైకి కనపడేలా మడిచి జేబులో పెట్టుకున్నారు.

విమానాశ్రయానికి మా ఆఫీసు కారే పంపాను. కారు నడిపేది జగిత్యాల నుంచి వచ్చిన అన్న. మూడు వారాల తరవాత మళ్ళీ అతనే వెళ్ళి వాళ్ళని ఇంట్లో దింపి, తిన్నగా ఆఫీసుకి వచ్చాడు. తాళాలు బల్ల మీద పెట్టి, "అన్నా, అమ్మ గోడవట్టుకొని నడుస్తున్నది. కన్ను రాలే" అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళ తలుపు తట్టకుండానే మెట్లెక్కి పైకి పోయాను. మర్నాడు బాబాయిగారే ఆఫీసుకి వచ్చారు. మా మేనేజరు ఎదుట, నలుగురి ఎదుట, నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు రాసిచ్చినట్టే తిరిగాం, ఒక్క నిమిషం తేడా లేదు అన్నారు. పిన్నిగారు అద్దాలు చూశారా అని అడిగాను. చాలా పెద్ద చర్చి అన్నారు. వెళ్ళేముందు జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. నేను రాసిందే, మళ్ళీ ఆయన చేతిరాతలో. డ్రాయింగు మార్చినప్పుడు వేసినట్టు మూలన ఆర్-1 అని వేసి ఉంది. మొదటి సవరణ అని దానర్థం. అందులో మధ్యాహ్నం విశ్రాంతి లేదు. పన్నెండింటికి రంగుటద్దాలు. "ఇకమీద మనవాళ్ళకి ఎవరికైనా రాసిస్తే ఇది చూసి రాయి. అక్కడ ఎండ మంచిదయ్యా" అన్నారు.

నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. వెళ్ళొచ్చిన మనిషి ఇంకాస్త మెరుగుపరిచారు, అంతే కదా అనుకున్నాను. ఆ కాగితం చూసి చాలామందికి రాసిచ్చాను కూడా. చేతికర్రతో వసారాలో నడవడం నేర్చుకుంటున్న పిన్నిగారి పక్కనించే మెట్లెక్కి పైకి పోయేవాణ్ణి. కనీసం ఆ ఒక్కరోజైనా అద్దాలు చూశారు కదా అని మనసుకి చెప్పుకునేవాణ్ణి.

ఆరేడేళ్ళకి నాకు పెళ్ళయింది. టికెట్ల ఆఫీసుల వాళ్ళకి ఒక విమానం కంపెనీ రెండు ఉచిత టికెట్లు ఇస్తే, మా ఆవిడతో నేనూ పారిస్ వెళ్ళాను. మొదటిరోజే, ఆర్-1 ప్రకారం, సరిగ్గా పన్నెండింటికి ఆ చర్చిలోకి అడుగుపెట్టాను. ఎండ అద్దాల్లోంచి లోపలికి వచ్చి నేల మీద, స్తంభాల మీద, మా ఆవిడ తెల్లచీర మీద రంగులు పోసింది. ఎక్కడా ఒక్క బల్బు లేదు. అప్పుడు అర్థమైంది నాకు. అక్కడున్న కాపలా మనిషిని అడిగాను, సాయంత్రం ఎంతదాకా తీసి ఉంటుందని. నాలుగున్నర దాటితే ఎవరినీ లోపలికి రానివ్వం అన్నాడు. ఈ పద్ధతి కొత్తదా అంటే, నేను చేరి ఇరవై ఏళ్ళయింది, అప్పటి నుంచీ ఇంతే అన్నాడు.

బయటికొచ్చి వీధి అవతలి గోడ పక్కన కూలబడ్డాను. వీధిలోంచి చూస్తే ఆ అద్దాలు పలకల్లా నల్లగా ఉన్నాయి, ఒక్క రంగూ లేదు. మా ఆవిడ కంగారుపడి ఒంట్లో బాగాలేదా అని అడిగితే సంగతంతా చెప్పాను. తను తేలిగ్గా, వెళ్ళాక అడిగెయ్యండి, మనసులో పెట్టుకోకండి అంది.

అడగలేదు. దోహా వెళ్ళిన వారానికే వాళ్ళింట్లో భోజనం చేశాను, అడగలేదు. ఆయన రిటైరై కాకినాడ వెళ్ళేటప్పుడు సామాను కట్టించాను, అడగలేదు. ఆ తరవాత సెలవుల్లో ఎన్నిసార్లు కాకినాడ వెళ్ళానో, ఎన్నిసార్లు ఆయన పక్కన కూచుని కాఫీ తాగానో. ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. అవునయ్యా, చూడలేదు అని ఆయన అంటే నేనేం చెయ్యాలి? ఒక మనిషికి చూపున్న ఆఖరి పగలు, నాలుగు గంటలు నా అక్షరాలతో తెర వేసేశాను. దానికి క్షమాపణ ఎలా చెప్తారో నాకు తెలియదు. పిరికితనం అనండి, నేను కాదనను.

పదకొండో రోజుకి కాకినాడ వెళ్ళాను. తంతు ముగిసి, భోజనాలయ్యి, వచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చారు. పిన్నిగారు ముందుగదిలో కుర్చీలో కూచుని ఉన్నారు. నేను కింద చాప మీద కూచుని, ఇంక ఆగలేక, బాబాయిగారిని అడగాల్సింది మిమ్మల్ని అడుగుతున్నాను అన్నాను. టైములు, తలుపు మూయడం, నేను పారిస్‌లో చూసింది, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ అడ్డురాకుండా విన్నారు.

"చూడలేదు నాయనా. మేం వెళ్ళేసరికి గేటు లాగేస్తున్నాడు" అన్నారు.

నేను తల దించుకున్నాను. తరవాత ఆవిడ ఇంకొన్ని మాటలు చెప్పారు. ఆ మాటలు ఈ వయసులో వింటాననుకోలేదు.

పారిస్‌లో దిగేసరికే ఆవిడకి కనబడడం లేదుట. వెళ్ళడానికి రెండు వారాల ముందు నుంచే గబగబా తగ్గిపోయింది, ఆ పొద్దున్నకి వెలుతురు, నీడ తప్ప ఏమీ లేవు. ఆయనకి చెప్పలేదు. చెబితే తిన్నగా లండన్ తీసుకుపోతారు. ఒక్కరోజులో ఏం ముంచుకుపోతుందిలే అనుకున్నారు. ఆలస్యం నెలల కిందటే అయిపోయిందని తరవాత డాక్టర్లు కూడా అన్నారుట. "పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆయన ఒక పగలంతా నాతో ఉన్నది లేదు. ఎప్పుడూ డ్యూటీయే. ఆ ఒక్కరోజూ నాకు కావాలనిపించింది. అద్దాల కోసం కాదు" అన్నారు.

పొద్దున్న నది ఒడ్డున నిలబడి, అదిగో టవరు అని బాబాయిగారు చూపించారు. ఆవిడ తల పైకెత్తి, అబ్బ, ఎంత ఎత్తో అన్నారు. ఆయన ఆవిడ గడ్డం కింద వేలు పెట్టి, మొహాన్ని మెల్లగా ఎడమవైపు తిప్పారు. తిప్పి, ఆ టవరు కింద ఎంత వెడల్పు, మీద ఎంత సన్నం, ఏ కమ్మీ ఎక్కడ కలుస్తుంది, అంతా డ్రాయింగు చదివినట్టు చెప్పుకుంటూపోయారు. "అప్పుడే ఆయనకి తెలిసిపోయింది. తెలిసిందని నాకు తెలియనివ్వకూడదనుకున్నారు. నేనూ ఊరుకున్నాను."

పన్నెండయ్యింది. బయట ఎండ బాగా కాస్తోంది, జనం తిరుగుతున్న చప్పుళ్ళు. ఆయన నా కాగితం తీసి, ఇప్పుడు విశ్రాంతి అని రాశాడు మనవాడు అన్నారు. గదికి వచ్చి తెరలు దించేశారు. ఇద్దరూ పడుకోలేదుట. నాలుగు గంటలూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆయన చిన్నప్పుడు బల్లకట్టు మీదనించి గోదాట్లో పడిపోయిన సంగతి, స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పిన సంగతి, పెళ్ళిచూపుల్లో ఆవిడ మొహం సరిగ్గా చూడలేకపోయిన సంగతి, పన్నెండేళ్ళలో చెప్పనివన్నీ చెప్పారు.

"తెర వేసిన గదిలో ఇద్దరికీ ఒకటే చూపు నాయనా. నేనేం చూస్తున్నట్టు నటించక్కర్లేదు. నా కాపురం మొత్తంలో నాకు మిగిలింది ఆ నాలుగు గంటలే. నువ్వు రాసిచ్చినవే అవి."

ఏడుస్తున్నానని ఆవిడకి తెలియకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం గేటు మూసేశారని తెలియగానే బాబాయిగారు కాపలా మనిషితో దెబ్బలాటకి దిగారుట. తెలుగులో రాసిన నా కాగితం వాడి మొహం ముందు పెట్టి, ఇదుగో అయిదు గంటలని రాసి ఉంది అని అరిచారుట. అంత గట్టిగా ఆయన ఎవరితోనూ మాట్లాడగా ఆవిడ అంతకు ముందు వినలేదు, తరవాతా వినలేదు. ఎందుకు అరుస్తున్నారో ఆవిడకి అర్థమైంది. అద్దాలు చూడలేకపోయింది తలుపు వల్లనే గాని కంటి వల్ల కాదని ఆయన నమ్ముతున్నట్టు ఆవిడ అనుకోవాలి. అందుకు ఆ అరుపులు. అందుకే నాకూ అసలు సంగతి చెప్పలేదు. గేటు సంగతి చెబితే కంటి సంగతి కూడా బయటికి వస్తుంది కదా.

మరి తరవాతైనా మీరిద్దరూ ఈ మాట అనుకోలేదా అని అడిగాను.

"లేదు. అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. ఆఖరి రాత్రి పడుకోబోయేముందు కూడా అనుకున్నాను, రేపు అడుగుతాను, ఆవేళ మీకు తెలిసిపోయింది కదా అని. తెల్లారేసరికి చెయ్యి చల్లగా తగిలింది" అన్నారు.

నాకు ఊరట కలగాలి. నా తప్పు వల్ల ఆవిడకి పోయిందేమీ లేదని తెలిసింది కదా. కలగలేదు. ఒకే మనిషిని అడగవలసిన మాటలు దాచుకుని మేమిద్దరం ఇన్నేళ్ళు కూచున్నాం. ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా, అందరి తప్పుల కిందా తన సంతకం పెట్టుకుని వెళ్ళిపోయారు. మా ఊరి మనిషి కాదు, మా చుట్టం కాదు. నాకు బతుకులో దొరికిన మర్యాదంతా ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే. ఆ మాట కూడా ఆయనతో అనలేదు.

అయిదింటికి రైలుంది. ఆటో పిలిపించారు. వీధిలో ఎవరిదో ఇసక దింపుతున్న లారీ అడ్డంగా ఉంటే, ఆటో ఇంటి ముందు దాకా రాలేక కుడివైపు నాలుగిళ్ళ అవతల ఆగింది. మేనకోడలు వద్దంటున్నా వినకుండా పిన్నిగారు గేటు దాకా వచ్చారు. కాళ్ళకి దండం పెట్టి, పెట్టె పట్టుకుని బయల్దేరాను. ఆటోలో పెట్టె పెట్టి వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ గేటు ఊచ పట్టుకుని, తిన్నగా ఎదురింటి గోడ వైపు చెయ్యి ఊపుతున్నారు. ఆటో అక్కడే ఉందనుకున్నారు.

ఒక్క నిమిషం ఆగమని ఆటో అతనికి చెప్పాను. చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వెళ్ళి, ఆవిడ చెయ్యి ఊపుతున్నచోట, ఎదురింటి గోడ పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి, వెళ్ళొస్తాను పిన్నిగారూ అన్నాను. ఆవిడ చెయ్యి ఇంకాస్త పైకెత్తి ఊపారు.